పాత పెట్టె: సిరాబుడ్డి అడుగున ఉన్న అక్షరం

ఈ శీర్షికను క్రమం తప్పక చదివే మిత్రులకు గత దీపావళి సంచికలో మేము వ్రాసిన సిరాబుడ్డి ముచ్చట జ్ఞాపకముండే ఉంటుంది. మన స్టోర్సు విభాగంలో పనిచేస్తున్న ఒక సహోద్యోగి తమ ఊరి ఇంటి అటక మీద పెట్టెలో దొరికిన గాజు సిరాబుడ్డిని తెచ్చి మాకు చూపించారు. దానిని పరిశీలించి, అది 1857వ సంవత్సరం నాటిదని మేము నిర్ధారించి వ్రాశాము. ఆ సంవత్సరానికి మన దేశచరిత్రలో గల స్థానాన్ని గురించి నాలుగు ఆవేశపూరిత వాక్యాలు కూడా జోడించాము. ఆ వ్యాసానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు మరెన్నడూ రాలేదు.

ఆ నిర్ధారణ తప్పు. ఇరవై ఆరేళ్ళ తప్పు. దానిని ఒక మూల చిన్న సవరణగా వేసి ఊరుకొందామా అని తొలుత అనుకొన్న మాట నిజమే. కాని ఈలోగా మాకు తెలిసివచ్చిన ఒక విషయం వలన అట్లా ఊరుకొనే వీలు లేకపోయినది. సంక్రాంతికి ఆ సహోద్యోగి, ఆయన తమ్ముడు తండ్రిగారి సామాను పంచుకొన్నారు. సిరాబుడ్డి అన్నగారి వాటాకు, దానికి బదులుగా టేకు బీరువా, రెండు ఇత్తడి గంగాళాలు తమ్మునివాటాకు వచ్చేట్లు పెద్దమనుషులు తీర్పు చెప్పారు. ఒక గాజుబుడ్డికి అంత విలువ కట్టడానికి ఆధారమేమిటన్న ప్రశ్న వచ్చినప్పుడు అన్నగారు మా శీర్షిక ఉన్న పుటను చూపించారట. ఆ పుటను పంపకాల కాగితానికి గుండుసూదితో జతచేశారట కూడా. సరదాకు వ్రాసుకొనే శీర్షిక ఇట్లా దస్తావేజు అవుతుందని మేము కలలోనైనా అనుకోలేదు.

తప్పును పట్టుకొన్నది మన సంస్థలోనే నాణ్యతా పరీక్షాశాలలో చిరకాలం పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక పెద్దలు. వారు వ్రాసిన ఉత్తరంలో పొగడ్త గాని తెగడ్త గాని లేవు. ఒకే ప్రశ్న ఉన్నది: “అయ్యా, 'కె' అనే అక్షరాన్ని చూచి 1857 అన్నారు. ఆ అక్షరం ఏ మూల ఉన్నది?”

ఈ ప్రశ్నలోని కీలకమేమిటో కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది.

బ్రిటనులో 1842 నుండి 1883 వరకు వస్తువుల ఆకృతులను నమోదు చేసే ఒక పద్ధతి అమలులో ఉండేది. ఒక తయారీదారు కొత్త నమూనా రూపొందించినప్పుడు, ఇతరులెవ్వరూ దానిని కాపీ చేయకుండా ప్రభుత్వ కార్యాలయంలో నమోదు చేయించుకొనేవాడు. అట్లా నమోదైన వస్తువు మీద గాలిపటం ఆకారంలో, అనగా మూల మీద నిలబెట్టిన చతురస్రం వలె, ఒక ముద్ర వేసేవారు. పై మూల మీద చిన్న వృత్తంలో వస్తువు ఏ తరగతిదో తెలిపే రోమను అంకె ఉంటుంది. ఒకటి లోహానికి, రెండు కొయ్యకు, మూడు గాజుకు, నాలుగు మట్టి, పింగాణీ సామానుకు. కనుక గాజు సిరాబుడ్డి అడుగున మూడు నిలువు గీతలు కనిపించాలి. చతురస్రం లోపల నాలుగు మూలలలో నాలుగు గుర్తులుంటాయి. ఒకటి సంవత్సరం, ఒకటి నెల, ఒకటి తేదీ, ఒకటి ఆనాడు నమోదైన వాటిలో దాని వరుస సంఖ్య.

సంవత్సరాన్ని అంకెలలో కాక ఒక ఆంగ్లాక్షరంతో సూచించేవారు. ఆ అక్షరాలు వరుసక్రమంలో కూడా ఉండవు. 1842కు 'ఎక్స్', 1843కు 'హెచ్', 1844కు 'సి', 1845కు 'ఎ', ఇట్లా చిందరవందరగా నడిచి 1867లో 'టి'తో ఇరవై ఆరు అక్షరాలూ ముగిశాయి. 1868లో మళ్ళీ 'ఎక్స్' నుండి మొదలుపెట్టారు. అయితే రెండు సార్లకూ తేడా తెలియాలి కదా! అందుకని మూలలను మార్చారు. మొదటి విడతలో సంవత్సరాక్షరం పై మూలన, తేదీ కుడి మూలన ఉండేవి. రెండవ విడతలో తేదీ పై మూలకు పోయి, సంవత్సరాక్షరం కుడి మూలకు వచ్చింది. మొదటి విడతలో 'కె' అంటే 1857. రెండవ విడతలో అదే 'కె' 1883, అనగా ఈ ముద్ర వాడుకలో ఉన్న చిట్టచివరి సంవత్సరం. అంతటితో చిక్కు తీరలేదు. నెలలకు కూడా అక్షరాలే వాడేవారు. అక్కడ 'కె' అంటే నవంబరు. నెల గుర్తు మొదటి విడతలో ఎడమ మూలన, రెండవ విడతలో కింది మూలన ఉంటుంది. కనుక ఒక 'కె' పైన ఉంటే ఒక సంవత్సరం, కుడిన ఉంటే మరొక సంవత్సరం, ఎడమన గాని కిందన గాని ఉంటే అసలు సంవత్సరమే కాదు.

మేము చేసిన పని ఏమనగా, భూతద్దంతో 'కె'ను చూచి, పట్టికలో మొదటి వరుసలో 'కె'ను వెదకి, ఎదురుగా 1857 అని కనిపించగానే పట్టికను మూసివేశాము. పై మూలన ఒక అంకె ఉన్నదన్న విషయాన్ని మా నోటుపుస్తకంలోనే వ్రాసుకొని ఉన్నాము! మొదటి విడతలో పై మూల అంకె ఉండే అవకాశమే లేదు. కళ్ళు చూచిన దానిని మనస్సు చూడలేదు. సహోద్యోగి గారు బుడ్డిని మా బల్ల మీద పెడుతూనే “మా ముత్తాతగారు 1857 నాటి కల్లోల దినాలలో కలెక్టరు దొరగారి కచేరీలో దీనితోనే వ్రాశారట” అని చెప్పి ఉండుట ఇందుకు కారణమని మనవి చేసికొంటున్నాము. ముందు కథ విని తరువాత వస్తువును చూచితే ఇట్లాగే అవుతుంది. ఇకమీదట ఈ శీర్షికకు వస్తువులు తెచ్చే మిత్రులు ముందు వస్తువును ఇచ్చి, తరువాతనే కథ చెప్పవలసిందిగా ప్రార్థన.

ఆ పెద్దలే మరొక సంగతిని కూడా గుర్తుచేశారు. ముద్ర చెప్పేది నమూనా నమోదైన రోజును. ఆ బుడ్డి పోతపోసిన రోజును కాదు. నమోదైన నమూనాను ఎంతకాలం గిరాకీ ఉంటే అంతకాలం తయారుచేస్తారు. అచ్చు అరిగేదాకా అదే ముద్రతో బుడ్లు వస్తూనే ఉంటాయి. కాబట్టి సరియైన మాట “1883 నాటిది” అని కూడా కాదు, “1883కు ముందుది కాదు” అని. 1884 నుండి గాలిపటం ముద్ర పోయి, దాని స్థానంలో 'ఆర్‌డి నెం.' అన్న అక్షరాల తరువాత వరుస సంఖ్య వేయడం మొదలైనది. ఒకటితో ప్రారంభమైన ఆ సంఖ్య 1900 నాటికి సుమారు మూడున్నర లక్షలకు చేరింది. గాలిపటం ముద్రలకు సంబంధించిన రిజిస్టర్లు లండనులోని క్యూ అనే చోట బ్రిటిషు జాతీయ పత్రాగారంలో భద్రంగా ఉన్నాయి. తేదీ, వరుస సంఖ్య స్పష్టంగా చదవగలిగితే నమూనాను నమోదు చేయించినది ఎవరో కూడా తెలిసికోవచ్చును.

మా తప్పు సంగతి ఇట్లా ఉండగా, దీపావళి సంచిక తరువాత వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా “మా ఇంట్లోనూ ఒక గాజు సిరాబుడ్డి ఉన్నది, ముద్ర ఏమీ లేదు, కాలం ఎట్లా తెలుస్తుంది?” అని అడిగినవే. ముద్రలేని బుడ్లే ఎక్కువ. వాటికి సాక్ష్యం గాజులోనే వెదకుకోవాలి.

మొట్టమొదట తేల్చుకోవలసినది, అది సిరాబుడ్డియా లేక సిరా సీసాయా అన్నది. అంగడిలో సిరా నింపి అమ్మిన సీసా వేరు, బల్ల మీద ఉంచి మళ్ళీ మళ్ళీ నింపుకొనే బుడ్డి వేరు. సీసా మూతి బిరడాకు తగినట్లు సన్నగా ఉంటుంది, గాజు పలుచన. బుడ్డికి అడుగు వెడల్పు, గాజు దళసరి. కలం తగిలి ఒరగకూడదు కదా! ఉత్తరాలతో వచ్చిన ఛాయాచిత్రాలలో అధికభాగం సీసాలవే. అంతమాత్రాన వాటిని పారవేయనక్కరలేదు. సీసాలను సేకరించేవారూ లోకంలో అసంఖ్యాకంగా ఉన్నారు.

తరువాత బుడ్డిని బోర్లించి అడుగు చూడాలి. నోటితో ఊదిన గాజుకు మూతిని సరిచేసేటప్పుడు దానిని పట్టుకోవడానికి అడుగున ఒక ఇనుప కడ్డీని అతికించేవారు. పని ముగిసి కడ్డీని విరిచినప్పుడు అక్కడ గరుకుగా ఒక మచ్చ మిగిలిపోతుంది. వేలితో తడిమితే బొడ్డు వలె తగులుతుంది. 19వ శతాబ్దం మధ్యకాలంలో కడ్డీకి బదులు వస్తువును చుట్టూ పట్టుకొనే పట్టకార్లు వచ్చి, సాధారణపు సరుకులో ఈ మచ్చ కనుమరుగైనది. కనుక బొడ్డుమచ్చ ఉన్న మామూలు బుడ్డి 1860కి ముందుదయ్యే అవకాశం హెచ్చు. ఖరీదైన సామానులో ఆ మచ్చను సానపట్టి నునుపు చేసేవారు. అట్టి వాటికి అడుగున నున్నని గుంట కనిపిస్తుంది. చేతితో ఊదే కళాకారులు నేటికీ కడ్డీని వాడుతూనే ఉన్నారు గనుక మచ్చ ఒక్కటే చాలదు.

అచ్చు అతుకు గీతను గూర్చి చాలామంది విని ఉంటారు. అచ్చులో పోసిన గాజుకు, అచ్చు రెండు సగాలు కలిసే చోట సన్నని గీత నిలువుగా పడుతుంది. గీత మూతికి కొంచెం కిందనే ఆగిపోతే మూతిని చేతితో తీర్చారన్నమాట. గీత మూతి అంచు మీదుగా కూడా సాగితే అది యంత్రపు పని. అమెరికాలో మైకేల్ ఓవెన్స్ అనే ఆయన స్వయంచాలిత సీసా యంత్రానికి 1904లో పేటెంటు పొందాడు. అటుపిమ్మట ఒకటి రెండు దశాబ్దాలలో చేతిపని సీసాలు మూలబడ్డాయి. సిరా సీసాలకు ఈ పరీక్ష చక్కగా పనిచేస్తుంది. బల్ల మీది బుడ్లకు మాత్రం పనికిరాదు. వాటి మూతికి ఇత్తడి పట్టీ, బందుమూత తొడగడానికి అంచును అరగదీస్తారు. అరగదీసిన చోట గీత ఉన్నా పోతుంది. ఈ భేదం తెలియక యంత్రపు బుడ్లను చేతిపని అని నమ్మి కొన్నవారిని మేమెరుగుదుము.

కోతగాజుకూ అచ్చుగాజుకూ తేడా కళ్ళు మూసుకొని వేళ్ళతో చెప్పవచ్చును. చక్రం మీద కోసిన గాజు అంచులు వాడిగా గుచ్చుకొంటాయి. అచ్చులో అదిమిన గాజు అంచులు అరిగిన సబ్బుబిళ్ళ వలె మెత్తగా ఉంటాయి. గాజును యంత్రంతో అచ్చులో అదిమే పద్ధతి 1820ల నుండి అమెరికాలో వ్యాప్తిలోనికి వచ్చి, తరువాత ఇంగ్లండుకు పాకింది. మన సహోద్యోగి బుడ్డి ఈ రెండవ జాతిదే. చతురస్రాకారం, బరువు, మెత్తని అంచులు, పైన ఇత్తడి మూత.

బరువును గూర్చి ఒక చారిత్రక విశేషం. బ్రిటనులో 1746 నుండి 1845 వరకు గాజు మీద బరువును బట్టి ఎక్సైజు సుంకం ఉండేది. గాజు ఎంత దళసరి అయితే పన్ను అంత భారం. ఆ సుంకం 1845లో రద్దైనది. దిమ్మ వంటి దళసరి బుడ్లు ఇంగ్లండులో విరివిగా చవుకగా రావడం ఆ తరువాతి మాట. మన అకౌంట్సు విభాగపు మిత్రులు సంతోషిస్తారని చెప్పుచున్నాము. పన్ను రేట్లు బల్ల మీది సిరాబుడ్డి ఒళ్ళును కూడా శాసించాయి!

సీసము కలిసిన ఖరీదు గాజా, మామూలు సోడా గాజా అన్నది తెలిసికోవడానికి పరీక్షాశాల పెద్దలు చెప్పిన ఉపాయం బహు సులభం. బుడ్డిని ముందు గాలిలో, తరువాత దారంతో వ్రేలాడదీసి నీటిలో ముంచి తూచాలి. 300 గ్రాముల బుడ్డి నీటిలో 120 గ్రాములు తగ్గి తూగితే దాని సాంద్రత రెండున్నర. అది సోడా గాజు. 100 గ్రాములే తగ్గితే సాంద్రత మూడు. అది సీసపు గాజు. లోపల గాలిబుడగ చిక్కకుండా చూచుకోవాలి. ఇత్తడి పట్టీ ఉన్న బుడ్డిని మాత్రం ముంచరాదు. లోహం లెక్కను తారుమారు చేయడమే కాక, పట్టీ కింద అతికిన సున్నపుపిండి, అనగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్, నానిపోతుంది. ఆ అతుకు కూడా ఒక సాక్షియే. పాత బుడ్లకు ప్లాస్టరు తెల్లగా, పొడిగా కనిపిస్తుంది. దాని చోట నిగనిగలాడే జిగురు కనిపిస్తే, గత శతాబ్దం మధ్యకాలం తరువాత ఎవరో మూతను తిరిగి అతికించారని గ్రహించాలి. మూత ఆ బుడ్డిదో కాదో అప్పుడు అనుమానించవలసిందే.

రంగు మోసగత్తె. ఇసుకలోని ఇనుము వలన మామూలు గాజుకు లేత ఆకుపచ్చ ఛాయ వస్తుంది. దానిని పోగొట్టడానికి మాంగనీసు కలిపేవారు. మాంగనీసు గాజు ఏళ్ళ తరబడి ఎండలో ఉంటే ఊదారంగుకు తిరుగుతుంది. 1880 నుండి మొదటి ప్రపంచయుద్ధం వరకు తయారైన సీసాలలో ఇది తరచు కనిపిస్తుంది. అందుకని ఊదారంగు గాజుకు ధర పలుకుతున్నదని గ్రహించి, కొందరు వర్తకులు కృత్రిమ కిరణాలతో నాలుగు దినాలలో గాఢమైన ఊదారంగు తెప్పిస్తున్నారు. సూర్యుడు అంత గాఢంగా రంగు వేయడు. ఇక పసుపుపచ్చని గాజు దొరికితే, నగదు కౌంటరులో దొంగనోట్లను పట్టే అతినీలలోహిత దీపం కింద చీకటిలో పెట్టి చూడండి. పచ్చగా మిడుగురుపురుగు వలె ప్రకాశిస్తే అది యురేనియం కలిసిన గాజు. బొహీమియాలో 1830లలో ఇది వాడుకలోనికి వచ్చింది. దానికి ముందుది అయ్యే వీలు దాదాపుగా లేదు. మాంగనీసు గాజు కూడా ఆ దీపం కింద కొద్దిగా పచ్చగా మెరుస్తుంది గాని ఆ వెలుగు మందం. మన క్యాషియరుగారు భోజన విరామంలో ఈ ప్రయోగానికి అనుమతించినందుకు కృతజ్ఞులము.

మూత వెండిదైతే అదృష్టవంతులు. బ్రిటిషు వెండి మీద నడచే సింహం, పరీక్షించిన నగరం గుర్తు, సంవత్సరాక్షరం ఉంటాయి. లంగరు గుర్తు బర్మింగ్‌హామ్‌ది, చిరుతపులి తల లండనుది. వాటి పక్కన రాజు తల గాని రాణి తల గాని ఉంటే అది 1784 నుండి 1890 వరకు పన్ను చెల్లించినట్లు వేసిన ముద్ర. ఇక్కడ కూడా అక్షరాలు చక్రంలా తిరిగి వస్తాయి. అక్షరంతో పాటు దాని లిపి తీరును, చుట్టూ ఉన్న డాలు ఆకారాన్ని చూడకపోతే మాకు పట్టిన గతే పడుతుంది. దేశం పేరు ఉంటే మరొక ఆధారం. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చేసిన చట్టం మరుసటి ఏడు అమలైనది. అందువలన 'ఇంగ్లండు' అన్న మాట సాధారణంగా 1891 తరువాతిది. 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని ఉంటే 20వ శతాబ్దం సరుకు అనుకోవచ్చును.

గాజు లోపలే సంవత్సరం వ్రాసి ఉంటే సందేహమేమిటని అడగవచ్చును. రంగురంగుల గాజుపుల్లల ముక్కలు పువ్వుల వలె అడుగున పొదిగిన కొన్ని సిరాబుడ్లలో 1848 అన్న అంకె స్పష్టంగా కనిపిస్తుంది. చాలాకాలం అందరూ దానిని నమ్మారు. అవి 20వ శతాబ్దంలో బర్మింగ్‌హామ్‌లో తయారైనవని తరువాత తేలింది.

అరుగుదల ఒక్కటే అబద్ధం చెప్పడం కష్టం. ఎనభై, వందేళ్ళు బల్ల మీద జరిగిన బుడ్డికి, బల్లకు తగిలే అంచు మీద మాత్రమే, అన్ని దిక్కులకూ పోయే సన్నని గీతలుంటాయి. గరుకుకాగితంతో రుద్ది తెచ్చిన ముసలితనం అయితే గీతలన్నీ ఒకే దిక్కుకు, అడుగంతా సమానంగా ఉంటాయి.

ఇంతకూ గాజు ఎందుకు? మన తాళపత్రాలకు సిరాబుడ్డి అవసరమే లేదు. గంటంతో గీసి, పైన మసి పూసి తుడిచేవారు. కాగితం మీద వ్రాసే మునిషీలు దీపపు మసి, జిగురు కలిపిన సిరాను ఇత్తడి దవాతులో పోసుకొనేవారు. మసి లోహాన్ని ఏమీ చేయదు. కంపెనీ కచేరీలతో వచ్చిన ఇంగ్లీషు సిరా సంగతి వేరు. అది ఓక్ చెట్ల మీది మాచికాయల వంటి బుడిపెలలోని వగరు పదార్థానికి అన్నభేది కలిపి చేసినది. మన ఇళ్ళలో కరక్కాయ, అన్నభేది కలిపి కాచుకొన్న సిరా కూడా ఈ కోవలోనిదే. దానిలో ఆమ్లగుణం ఉన్నది. ఇత్తడిని, ఇనుమును మెల్లగా తినివేస్తుంది. ఉక్కుపాళీలు త్వరగా పాడయ్యేవి కూడా అందుకే. దానికి లొంగనివి గాజు, పింగాణీ. అందుచేత తాలూకా కచేరీ వరకు గాజుబుడ్డి ఓడలెక్కి వచ్చింది. మన దేశంలో స్వదేశీ ఉద్యమకాలంలో పైసా నిధి పేరిట ప్రజల చందాలతో పూనా సమీపాన తళేగావ్‌లో 1908లో గాజు కర్మాగారం వెలిసింది. రాజమహేంద్రవరంలో రత్నంగారి కలముల కార్ఖానా 1932లో మొదలైనది. సిరాను కడుపులోనే దాచుకొనే కలం వచ్చిన తరువాత బల్ల మీది బుడ్డికి పని తగ్గక తప్పలేదు.

పాత బుడ్లు ఉన్నవారికి ఒక మనవి. దయచేసి చింతపండుతో తోమవద్దు. ఇత్తడి మూత తళతళలాడుతుంది గాని, దాని వయస్సును చెప్పే పాత వన్నె, పులుపు సందులలోనికి దిగిన తరువాత బందు కూడా పోతాయి. అడుగున ఎండిపోయిన సిరాను వేడినీళ్ళతో కడిగితే దళసరి గాజు పగులుతుంది. గోరువెచ్చదనం కూడా లేని నీరు పోసి, ఒక రాత్రి ఉంచి, మెత్తని కుంచెతో తీస్తే చాలును. కొంత మరక మిగిలినా నష్టం లేదు.

ఇక అసలు విషయం. మొన్న రెండవ శనివారం నాడు మేము టౌన్‌షిప్‌లోని సహోద్యోగి గారి క్వార్టర్సుకు వెళ్ళి, పరీక్షాశాల పెద్దల ఉత్తరాన్ని, పట్టికను వారి ముందుంచి, జరిగిన పొరపాటును నోటితో చెప్పుకొన్నాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. భార్యగారు కాఫీ తెచ్చిపెట్టి, “ఆ బీరువా ఇచ్చేయవద్దని అప్పుడే చెప్పానండీ” అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయారు. మేము తలవంచుకొని కూర్చున్నాము.

కొంతసేపటికి ఆయన లేచి, ప్లాస్టిక్ సంచిలో భద్రపరచిన పాత కాగితాలు తెచ్చారు. వాటిలో ముత్తాతగారిని తాలూకా కచేరీలో నకలు గుమాస్తాగా నియమించిన ఉత్తర్వు ఉన్నది. సంవత్సరం 1886. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకొన్నారు. మళ్ళీ లెక్కపెట్టారు.

“అయితే 57 నాటికి మా ముత్తాతగారు పుట్టనే లేదండీ,” అన్నారు.

మూడు తరాలుగా ఆ కథ ఆ ఇంట్లో చెప్పుకొంటున్నారు. కాగితం ఆ సంచిలోనే ఉన్నది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూచినవారు లేరు, మాతో సహా. 1883లో నమోదైన నమూనా, 1886లో కొలువు. ఆ బుడ్డి ఆయన చేతిలోనిదే అయి ఉండవచ్చునని మేము అన్నాము. రుజువు చేయలేమని కూడా అన్నాము.

ఆయన అప్పటికప్పుడే తమ్మునికి ఫోను చేసి సంగతి చెప్పారు. అవతలి మాటలు మాకు వినిపించలేదు గాని, అన్నగారు “వద్దురా, దాంట్లో నీ పిల్లల పుస్తకాలు సర్దుకొన్నావు కదా, బీరువా అక్కడే ఉండనీ” అనడం వినిపించింది. గంగాళాల విషయం వేసవి సెలవులలో కలిసినప్పుడు మాట్లాడుకొందామని ఇద్దరూ అనుకొన్నారట. వాటిలో ఒకటి తమ తల్లిగారు పుట్టింటి నుండి తెచ్చుకొన్నదని, అది తమకు ఉంటే బాగుండునని భార్యగారి అభిప్రాయంగా తరువాత తెలిసింది.

మేము సెలవు తీసికొనేటప్పుడు ఆయన ఒకటే కోరారు. పంపకాల కాగితానికి జతచేసిన మా పాత పుటను తీసివేసి, దాని స్థానంలో ఈ నెల పుటను పెట్టాలని, అందుకు తమకొకటి, తమ్మునికొకటి చొప్పున ఈ సంచిక ప్రతులు రెండు అదనంగా కావాలని. రెండు ప్రతులూ తీసిపెట్టవలసిందిగా సంపాదకులవారికి చీటీ వ్రాసి ఇచ్చాము.